బొమ్మపొత్తికలూ, విస్తళ్ల లెక్కా: ఈ సంక్రాంతికి నాకు నచ్చిన కథలు

భోగి మంట దగ్గర అందరూ చలి కాచుకుంటుంటే నేను ఫోన్ పట్టుకుని గోడవారన నిలబడ్డాను. "పొద్దున్నే ఏవిటే ఆ ఫోనూ? వెనకాల విరిగిన కుర్చీ ఉంది, తెచ్చి మంటలో పడెయ్" అని అమ్మ రెండుసార్లు కేకేసింది. తేలేదు. సరిగ్గా ఐదింటికి ఫోల్డర్ తెరుస్తారు. అందులో పదకొండు కథలుంటాయి. ఒకటి నాకోసం రాసింది. ఎవరు రాశారో మాత్రం ముక్కనుమ దాకా చెప్పరు. ఆ టెన్షన్‌లో కుర్చీ ఎవరికి గుర్తుంటుంది!

మాది చిన్న గుంపు. రాసేవాళ్ళం పదకొండు మందిమి, రాయకుండా పెత్తనం చేసే స్నేహితురాలు ఒకత్తె. తను బెంగళూరులో ఉంటుంది. దీపావళి వెళ్ళగానే ఒక్కొక్కరం తనకి ఒక చీటీ పంపుతాం. మనం చదివిన కథల్లోంచి, పురాణాల్లోంచి, నాటకాల్లోంచి ఏ పాత్ర గురించి కొత్త కథ కావాలో, అందులో ఏముంటే ఇష్టమో, ఏం ఉండకూడదో అందులో రాయాలి. తను నా చీటీ ఇంకొకరికి ఇస్తుంది, వేరేవాళ్ళది నాకు ఇస్తుంది. రెండు నెలలు గడువు. ఇది నాలుగో సంక్రాంతి.

ఈ ఆలోచన మా సొంతం కాదు. ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్, అంటే తమకి నచ్చిన కథల్లోని పాత్రలతో కొత్త కథలు, రాసేవాళ్ళు 2003 నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ 'యూల్‌టైడ్' అని ఒకటి నడుపుతున్నారు. ఎక్కువమంది పట్టించుకోని కథలకే అక్కడ చోటు. లక్షలమంది రాసేసిన వాటికి కాదు. కనీసం వెయ్యి పదాలుండాలి. డిసెంబరు 25న కథలు బయటపెట్టి, జనవరి 1న రాసినవాళ్ళ పేర్లు చెబుతారు. ఇప్పుడవి 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే సైట్‌లో ఉంటాయి, 2019లో హ్యూగో అవార్డు (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే పెద్ద బహుమతి) తెచ్చుకున్న సైట్ అది. నేను ఎన్నో ఏళ్ళు అక్కడ ఊరికే చదువుకుంటూ కూచున్నదాన్ని. కథల కంటే ముందు చీటీలు చదివేదాన్ని. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి "నాకు ఫలానా నాటకంలో రెండే రెండు మాటలున్న వంటమనిషి ఇష్టం, ఆవిడకి ఒక మంచి సాయంత్రం రాసిపెట్టండి" అని ఉత్తరం రాసే మనుషులు ఈ లోకంలో ఉన్నారని తెలిసినప్పుడు భలే సంబరంగా అనిపించింది. అలాంటిది తెలుగులో మనకీ ఉండాలనిపించింది. మాకు వెయ్యి పదాలు కష్టం కాబట్టి ఐదొందలు చేసుకున్నాం.

సరే, కథలకి వస్తాను. పదకొండింటి గురించీ చెప్పను. కొన్ని బాగున్నాయి, కొన్ని పండగపూట తిట్టుకోకూడదు కాబట్టి ఊరుకుంటాను.

ముందు నాకొచ్చిన కథ. నా చీటీలో మూడే ముక్కలు రాశాను: "విరాటపర్వంలో ఉత్తర. పెళ్ళయ్యాక ఏదైనా సరే. యుద్ధం వద్దు, చావులు వద్దు." చావులు వద్దని ఎందుకన్నానంటే, ఉత్తర అనగానే అందరూ అభిమన్యుడి శవం దగ్గర కూచోబెట్టి ఏడిపించేస్తారు. ఆ పిల్లకి అంతకుముందు ఒక జీవితం ఉంది. బృహన్నల దగ్గర ఆట నేర్చుకుంది. అన్న యుద్ధానికి బయల్దేరుతుంటే ఏం కావాలని అడిగింది? కౌరవుల వంటిమీది రంగురంగుల మెత్తని బట్టలు తెమ్మంది, బొమ్మపొత్తికలకి కట్టుకోడానికి! యుద్ధమంటే ఆ వయసుకి అదే.

తెచ్చారు కూడా. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి అందర్నీ పడుకోబెట్టాక, ఉత్తరకుమారుణ్ణి రథం దింపి బట్టలు తెమ్మంటాడు. భీష్ముడి జోలికి మాత్రం పోవద్దు, ఆయనకి దీని విరుగుడు తెలుసు అంటాడు. సంస్కృత మూలంలో రంగులు కూడా చెప్పాడు వ్యాసుడు. ద్రోణుడివీ కృపుడివీ తెల్లనివి, కర్ణుడిది పసుపు, అశ్వత్థామదీ దుర్యోధనుడిదీ నీలం. నేను ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివుంటానో! ఒక్కసారి కూడా ఆ బట్టలు తర్వాత ఏమయ్యాయని ఆలోచించలేదు.

ఈ కథ రాసినావిడ ఆలోచించింది. కథలో జరిగేది ఒక్క మధ్యాహ్నం. విరాటుడి రాజ్యంలోని ఉపప్లావ్యంలో ఉత్తర బొమ్మల పెట్టె తీసి, మాసిన బట్టలన్నీ విప్పి ఉతుకుతుంది. అంతే. యుద్ధం లేదు, చావు లేదు, నా చీటీలో అడిగింది అడిగినట్టే చేసింది. పెళ్ళయి ఎన్నో రోజులు కాలేదు. మొగుడు గుమ్మంలో కూచుని ఒక్కో బొమ్మకీ పేరడుగుతుంటాడు. ఉత్తర చెబుతుంది: ఇది ద్రోణుడు, ఇది కృపుడు, ఈ పసుపు చీరది కర్ణుడు. బట్ట ఎవరిదైతే బొమ్మకి ఆ పేరే పెట్టుకుంది పిచ్చిపిల్ల. ఆ కుర్రాడు నవ్వి పసుపు చీర బొమ్మని అరచేతిలో నిలబెట్టి "ఈయన నాకంటే పొట్టి" అంటాడు.

నేను అక్కడ ఫోన్ పక్కన పెట్టేశాను. భోగి దండలు మంటలో వేస్తున్న పిల్లలు, ఆ పొగ, అమ్మ కేకలు, ఏవీ కాసేపు వినబడలేదు. ఎందుకంటే పద్మవ్యూహంలో చుట్టుముట్టిన మహారథుల్లో ఆ నలుగురూ ఉన్నారు. ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ. కథలో ఆ మాట ఎక్కడా రాదు. రాదు కాబట్టే నాకు చెమటలు పట్టాయి. భారతం తెలిసినవాళ్ళకి అంతా తెలుస్తుంది, ఆ ఇద్దరు పిల్లలకి మాత్రం ఏమీ తెలియదు.

తర్వాత జరిగేది ఇంకా చిన్న విషయం. తెల్లబట్టా నీలంబట్టా ఒకే నీళ్ళలో వేసేస్తుంది ఉత్తర. నీలం రంగు దిగుతుంది. తెల్లదాని కొంగుకి మరక. ఎంత రుద్దినా పోదు. అక్కడ రెండు పేరాలు వట్టి మరక గురించే ఉన్నాయి: వేళ్ళతో ఎలా పట్టుకుని రుద్దిందీ, బట్ట పల్చనిది కాబట్టి గట్టిగా రుద్దితే పోగులు ఎలా జరిగిపోతున్నాయీ, నీళ్ళు ఎన్నిసార్లు మార్చిందీ. ఆ నీలం అశ్వత్థామది. అతను చివర్లో ఈ పిల్ల కడుపులోని బిడ్డ మీదికి అస్త్రం వేస్తాడు. ఈ ముక్క కూడా కథలో లేదు. తడిబట్టలు తీగ మీద ఆరేస్తూ ఉంటే పొద్దు వాలుతుంది, కథ అయిపోతుంది.

ఈ మధ్యకాలంలో నేను చదివిన భారతం కథల్లో, అచ్చయినవీ కానివీ కలిపి చెబుతున్నాను, ఇంత పొదుపైనది లేదు. మొత్తం తొమ్మిదొందల పదాలు. ఒక్క తప్పు పట్టాలంటే, మొదట్లో ఉపప్లావ్యం వర్ణన ఒక పేరా ఉంది, అది తీసేయొచ్చు.

రెండోది 'కన్యాశుల్కం' కథ. గురజాడ నాటకం మొదటి కూర్పు 1897లో వచ్చింది, మనం ఇప్పుడు చదువుకునేది 1909 నాటి పెద్ద కూర్పు. ఇన్నేళ్ళలో మధురవాణి మీద ఎంత రాశారో లెక్క లేదు. మా గుంపులోనే మూడేళ్ళు వరసగా మధురవాణి వచ్చింది. ఈసారి చీటీ పంపినవాళ్ళు తెలివైనవాళ్ళు. వాళ్ళు పూటకూళ్ళమ్మని అడిగారు.

మా విజయనగరం మనిషే కదా, నాకు కాస్త పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. నాటకం తెరవగానే గిరీశం తన బాధలు చెప్పుకుంటాడు, గుర్తుందా? సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణికి తగలేశాడు. ఆవిడకి నాటకంలో సొంత పేరు కూడా లేదు. చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది, మనం కడుపుబ్బ నవ్వుకుంటాం, తర్వాత మర్చిపోతాం. ఆ ఇరవై రూపాయలు వెనక్కి వచ్చాయా అని ఎవడూ అడగడు.

ఈ కథంతా ఆవిడ పద్దుల పుస్తకం. బియ్యం, కందిపప్పు, చింతపండు, కట్టెలు, విస్తళ్ళు. ఏ పూటకి ఎన్ని విస్తళ్ళు వేసిందో అంకె. కథ చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. మొదట్లో ఏం చదువుతున్నానో అర్థంకాక రెండు పేజీలు విసుక్కున్నాను. తర్వాత ఆ అంకెల్లోంచి మనిషి కనబడటం మొదలైంది. పన్నెండు విస్తళ్ళు, పన్నెండు, పన్నెండు. ఒకరోజు సాయంత్రం నెయ్యి మామూలుకంటే ఎక్కువ కొంది. పక్కన "గి. గారికి" అని మాత్రం ఉంది. ఇంకోచోట "గి. గారు" పోయి "గిరీశం" అయింది. ఆ తర్వాత "వాడు". సంత రోజున "వాడి చేతికి 20" అని రాసి, దాని పక్కన తెచ్చిన సామాను రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. మర్నాటి నుంచీ పదకొండు విస్తళ్ళు.

ఆ పక్క రోజు పద్దు: "చీపురు ఒకటి, కొత్తది."

పాతది ఏమైందో, దెబ్బ ఎవరికి తగిలిందో నాటకం చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను పకపకా నవ్వుతుంటే మా అమ్మ వచ్చి ఏమైందే అంది. చదివి వినిపించాను. అమ్మ నవ్వలేదు. "పాపం, ఇరవై రూపాయలంటే ఆ రోజుల్లో మాటలా" అంది. చివరి పేజీలో బాకీల జాబితా ఉంటుంది. ఒక్కొక్కటీ వసూలైనప్పుడల్లా అడ్డగీత పడుతుంది. ఇరవై మీద గీత పడదు. ఏళ్ళు గడిచి కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు కూడా ఆ పద్దు మొదటి పేజీలోకి ఎక్కించి రాసుకుంటుంది. వస్తుందని ఆశ ఉందో, వాణ్ణి మర్చిపోవడం ఇష్టం లేదో! రాసినవాళ్ళు తేల్చలేదు, మంచిపని చేశారు.

ఇది అసలు చివరి నిమిషంలో పుట్టిన కథ. ఈ చీటీ తీసుకున్న మనిషి ఆఫీసు పని మీద పడి చేతులెత్తేశాడు. అలాంటప్పుడు వేరేవాళ్ళు అందుకుని రాయడాన్ని యూల్‌టైడ్‌లో పించ్ హిట్ అంటారు, మేమూ అదే మాట వాడతాం. ఐదు రోజుల్లో రాసిన కథట. నేను నెలన్నర కూచుని రాసినదానికంటే బాగుంది, ఏం చేస్తాం.

మూడోది మీ ఫోన్ తెరమీద ఒక్కసారికి పట్టేస్తుంది. పరమానందయ్య శిష్యులు. కొరివితో నదిని ముట్టించి చూస్తారు కదా, చుయ్యిమంటుంది, "అమ్మో, నది మేలుకునే ఉంది" అని వెనక్కి వచ్చేస్తారు. మళ్ళీ ఆ ఆరిపోయిన కొరివితోనే ముట్టిస్తే చప్పుడు రాదు, నది పడుకుందని గబగబా దాటేస్తారు. ఈ కథ నది చెబుతుంది. కాలింది. చుయ్యిమంది. పన్నెండు మంది మొహాల్లో భయం చూసి దానికి జాలేసింది. రెండోసారి వాళ్ళు వచ్చేసరికి కొరివి ఆరిపోయిందో లేదో అది చూడలేదు. కాలినా సరే నోరెత్తకూడదని ఊపిరి బిగబట్టుకుని పడుకుంది. మన తాతలు చెప్పిన జోక్‌లో తెలివి తక్కువవాళ్ళు శిష్యులు ఒక్కరే. ఇందులో వాళ్ళని దాటించడానికి నది కావాలనే నిద్ర నటిస్తుంది. నాలుగొందల పదాలే ఉంది, నియమం ప్రకారం చెల్లదు. పెత్తనం చేసే స్నేహితురాలు చూసీ చూడనట్టు వదిలేసింది.

ఊర్మిళ కథ ఒకటి వచ్చింది. ప్రతి ఏడాదీ వస్తుంది. మన ఆడవాళ్ళ పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' అంత బాగా ఉన్నాక దాని పక్కన నిలబడటం కష్టం. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక, నువ్వెవడివి, మా నాన్న జనకుడికి తెలిస్తే ఊరుకోడు అని దులిపేస్తుంది కదా. ఈసారి కథలో గది తుడిచే దాసీ ఉంది, పద్నాలుగేళ్ళూ నిద్రపోతున్న మనిషికి ఊరి కబుర్లు చెబుతూ తుడుస్తుంది. ఆలోచన మంచిది. కానీ మధ్యలో ఉపన్యాసం దూరింది. చదవండి, ఉపన్యాసం వచ్చినచోట కిందకి జరుపుకోండి.

పల్నాటి కథ గురించి కూడా చెప్పాలి. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, ఓడిపోయినవాళ్ళు ఏడేళ్ళు మాచర్ల వదిలిపోవడం. కోడి కాలికి కత్తి కట్టేవాడి నోటితో రాశారు. మొదటి నాలుగు పేజీలు బ్రహ్మాండం. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందని కుక్కుటశాస్త్రం వల్లించడం, దారం ఎన్ని చుట్లు చుట్టాలో వేళ్ళకే తెలియడం, రాజ్యం పోయేది ఆ ముడి మీద ఆధారపడిందని వాడికి తెలియకపోవడం. తర్వాత పదిహేను పేజీలు కారంపూడి యుద్ధం. కత్తులు, బల్లేలు, రక్తం. కత్తి కట్టేవాడు ఎటుపోయాడో తెలియదు. కనుమనాడు మా ఊరి అవతల నిజం పందేలు జరుగుతుంటే ఇది చదివాను. నాకు ఆ పందేలు పడవు, అది వేరే సంగతి.

ఇక నా కథ. ఎవరికీ సిఫారసు చేయను. తెనాలి రామకృష్ణుడి భార్య గురించి "నవ్వు రావాలి" అని అడిగారు. నేను రాసింది చదివి పాపం ఆ మనిషి "చాలా ఆలోచింపజేసింది" అని జవాబు పెట్టింది. నవ్వు రాలేదని దానర్థం. పైగా ఎవరు రాశారో చివరిదాకా తెలియకూడదు కదా. నేను పీడీఎఫ్ చేసినప్పుడు ఫైలు పేరులో నా పేరే ఉండిపోయింది. భోగి రోజు ఐదూ పదికల్లా పదకొండు మందికీ తెలిసిపోయింది.

ముక్కనుమ సాయంత్రం పేర్లు వచ్చాయి. నా ఊహలన్నీ తప్పు. పద్దుల పుస్తకం కచ్చితంగా మాలో ఉన్న ఆడిటర్‌ది అని పందెం కాశాను. ఆడిటర్ రాసింది నది కథట! పద్దులు రాసినవాడు ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడు, గుంపులో అందరికంటే చిన్నవాడు. "నీకు ఈ పద్దులెలా తెలుసురా?" అని అడిగితే, "మెస్‌లో మూడు నెలల బాకీ ఉందక్కా, ఆంటీ పుస్తకం రోజూ చూపిస్తారు" అన్నాడు. వాడు కథ రాసింది గిరీశం వైపు కూచుని అన్నమాట.

ఉత్తర కథ మా వదినది. సంస్కృతం చదువుకున్న ఎవరో రాశారనుకున్నాను. వదిన తెనాలిలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతుంది. భారతం వాళ్ళ నాన్నగారు చదువుతుంటే విన్నదే. ఆ రెండు పేరాల మరక ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఫోన్ చేసి, పది నిమిషాలు పొగిడి, ఆ నీలం మరక అశ్వత్థామ గురించే కదా వదినా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అదీ ఉందిలే. కానీ కొత్త నీలంబట్ట విడిగా ఉతకాలి కదా, అప్పుడు వేరేవాటికి రంగు అంటదు. రాజుగారి కూతురు, ఎప్పుడు ఉతికింది గనక. ఎవరూ చెప్పి ఉండరు" అంది.

పదకొండులో తొమ్మిది మంది తమ కథలు బయటివాళ్ళకి పంపడానికి ఒప్పుకున్నారు. ఉత్తర, పూటకూళ్ళమ్మ, నది, ఈ మూడూ అందులో ఉన్నాయి, అడిగితే పంపుతాను. ఈసారి ఫైలు పేర్లు చూసుకునే పంపుతాను. పల్నాటి కథ మాత్రం ఆగాలి. యుద్ధం సగానికి తగ్గించి ఉగాదికి ఇస్తానన్నాడు. కత్తి కట్టేవాణ్ణి చివరిదాకా ఉంచమని చెప్పాను, సరేనన్నాడు.